‘ఒథెల్లో’లో పరువు, వర్ణం, స్త్రీ మాట: తెలుగు తీరం నుంచి ఒక పఠనం

వ్యాససంగ్రహం:

షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’ను అసూయ అనే మనోవికారానికి ఉదాహరణగా బోధించడం మన కళాశాలల్లో ఆనవాయితీ. ఆ నాటకంలోని హత్యకు మూలాన్ని ఒక వ్యక్తి మనసులో కాక, తండ్రిని కాదని వరుణ్ణి ఎంచుకున్న కూతురు నమ్మదగినది కాదనే సామాజిక తీర్పులో వెదకాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ తీర్పులో వర్ణద్వేషం, స్త్రీపట్ల అవిశ్వాసం ఎలా కలిసిపోయాయో నాటకపాఠం ఆధారంగా పరిశీలిస్తుంది. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా పేరొందిన ‘విషాదసారంగధర’కు ఆధారమైన కథను పోలికకు తీసుకుంటుంది.

కీలకపదాలు: ఒథెల్లో, విషాదాంత నాటకం, పరువు, వర్ణం, మూర్, జెంటూ, సారంగధర, ధర్మవరం రామకృష్ణమాచార్యులు.

1. ప్రవేశిక

తడకు తూర్పున పులికాట్ సరస్సు ఉంది. దీనికి ప్రళయకావేరి అన్న తెలుగు పేరు కూడా ఉంది. సరస్సు దక్షిణపు కొసన పళవేర్కాడులో డచ్చివారు 1613లో కోట కట్టుకున్నారు. ఉత్తరాన దుగరాజపట్నంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1626లో వర్తకస్థావరం పెట్టింది. మద్రాసు పుట్టడానికి అది పదమూడేళ్ళ ముందు మాట. ఇక లండన్‌లోని వైట్‌హాల్ రాజభవనంలో ‘వెనిస్ మూర్’ నాటకం ప్రదర్శితమైనది 1604 నవంబరు 1న. ఆ రాత్రికీ, ఇంగ్లీషువారు దుగరాజపట్నంలో దిగడానికీ మధ్య గడచినవి ఇరవైరెండేళ్ళు మాత్రమే.

తేదీలు దగ్గరపడినంత మాత్రాన సంబంధం ఏర్పడదు. సంబంధం ఉన్నది మాటల్లో. ఆ వర్తకులు ఈ తీరపు ముస్లిములను తమ ఉత్తరాల్లో ‘మూర్లు’ అని రాశారు. హిందువులను, ముఖ్యంగా తెలుగువారిని, ‘జెంటూలు’ అన్నారు. మన భాషకు కూడా చాలాకాలం వారి నోట ‘జెంటూ’ అనే పేరే నిలిచింది. మొదటిది ఆఫ్రికా ఉత్తరతీరపు జనానికి ఐరోపా పెట్టిన పేరు, రెండవది విగ్రహారాధకుడు అన్న అర్థంతో పోర్చుగీసువారి నుంచి వచ్చిన పేరు. ఒకే చేయి రెండు పేర్లనూ రాసింది. కాబట్టి ‘ఒథెల్లో’ ఎక్కడో వెనిస్‌లో జరిగిన నల్లవాడి కథ అనీ, తెలుగు పాఠకుడు దాని ముందు తటస్థుడనీ అనుకోవడానికి వీలులేదు.

ఆ పేర్లు పెట్టిన సమాజం తన ఆడపిల్లను ఎలా చూసింది, పరజాతివాణ్ణి ఎలా చూసింది, ఈ రెండు చూపులూ ఎక్కడ కలిశాయి అన్నవి ఈ వ్యాసానికి ప్రశ్నలు.

2. అసూయ అనే సులువైన జవాబు

డిగ్రీ తరగతిలో ‘ఒథెల్లో’ చెప్పిన అధ్యాపకులెవరికైనా అనుభవమే: పరీక్షలో వచ్చే ప్రశ్న ‘ఒథెల్లోను అసూయాగ్రస్తుడైన వీరునిగా చిత్రించండి’ అనే తీరులోనే ఉంటుంది. విద్యార్థి ఇయాగో కుటిలత్వం, చేతిరుమాలు, హత్య, పశ్చాత్తాపం వరసగా రాస్తాడు. మార్కులు వస్తాయి. నాటకం మాత్రం అందులో ఉండదు.

అసూయ కారణమైతే మొదటి అంకమంతా అనవసరమవుతుంది. అందులో అసూయపడే భర్త లేడు. ఉన్నది అర్ధరాత్రి నిద్రలేపబడిన ఒక తండ్రి. షేక్‌స్పియర్ తన ఇతివృత్తాన్ని ఇటలీ రచయిత చింతియో 1565లో వెలువరించిన కథల సంపుటి నుంచి తీసుకున్నాడు. ఆ కథలో పెళ్ళి బంధువులకు ఇష్టంలేదన్న ముక్క ఒక వాక్యంలో తేలిపోతుంది. బ్రబాన్షియో అనే తండ్రిని, అతని కేకలను, రాజ్యసభ ముందు అతని ఫిర్యాదును కల్పించి ఒక అంకం నింపినవాడు షేక్‌స్పియర్. కథకు అవసరంలేని తండ్రిని నాటకం ఎందుకు కోరుకుంది? విమర్శ అడగవలసిన మొదటి ప్రశ్న ఇది.

చింతియోలో ఇంకొక విశేషం ఉంది. భర్త కోపానికి గురైన డిస్డెమోనా స్వయంగా అంటుంది: స్వభావమూ దైవమూ జీవనరీతీ వేరుచేసిన పురుషుణ్ణి పెళ్ళాడవద్దని ఇటలీ స్త్రీలు నన్ను చూసి నేర్చుకుంటారేమో అని. నీతి బాధితురాలి నోటనే పలికింది. షేక్‌స్పియర్ ఆ మాటను ఆమె నోటినుంచి తీసేశాడు. ఆ తర్వాత దాన్ని ఎవరి నోట పెట్టాడన్నది చూడాలి.

3. తండ్రి తీర్పు చేసిన ప్రయాణం

బ్రబాన్షియో ఒథెల్లోను ద్వేషించినవాడు కాడు. అతణ్ణి ఇంటికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, యుద్ధాల కథలూ బానిసగా అమ్ముడుపోయిన కథా చెప్పించుకున్నవాడు. సేనాని అతిథిగా ఉన్నంతకాలం అతని రంగు ఆ ఇంట అడ్డం కాలేదు. అల్లుడైన క్షణంలో అడ్డమయింది. ఊళ్ళో కలిసి తిరిగే స్నేహాలు, కలిసి చేసే వ్యాపారాలు, ఎన్నికల పొత్తులు ఏ గీత దగ్గర ఆగిపోతాయో తెలిసిన మన పాఠకుడికి దీన్ని ప్రత్యేకించి వివరించనక్కరలేదు.

రెండు చిన్న వివరాలను మాత్రం గమనించాలి. రోడరిగో అంతకుముందు పిల్లనడిగి, తన గుమ్మం తొక్కవద్దని బ్రబాన్షియో చేత తిట్లు తిన్నవాడు. కూతురు వెళ్ళిపోయిందని తెలియగానే అదే తండ్రి, నీకిచ్చినా బాగుండేది అని రోడరిగోతో వాపోతాడు. తెలివితక్కువవాడైనా తనవాడే నయమన్నమాట. రెండవది, ఇలాంటిది జరుగుతుందని తనకు కల వచ్చిందని అతడే చెబుతాడు. ఆడపిల్ల ఉన్న ఇంట ఆ భయం ముందే కాపురముంది. ఇయాగో కిటికీ కింద నిలబడి పశువుల పోలికలతో అరచిన అరుపులు ఆ కలకు మాటలు తొడిగాయి, అంతే.

రాజ్యసభలో తండ్రి ఆరోపణ మంత్రతంత్రాల గురించి. తన కూతురు తన ఇష్టంతో నల్లవాణ్ణి ప్రేమించడం ప్రకృతికే విరుద్ధమని అతని వాదం. డెస్డెమోనా సభకు వచ్చి, నా తల్లి తన తండ్రికంటె నిన్ను ఎక్కువ చేసుకున్నట్లే నేనూ నా భర్తను ఎక్కువ చేసుకున్నానని నిబ్బరంగా చెబుతుంది. సభ ఆమె పక్షాన తీర్పు చెప్పినట్లు కనిపిస్తుంది. నిజానికి సభకు ఆ రాత్రి కావలసింది సైప్రస్ మీదికి వస్తున్న తురుష్కుల నౌకాదళాన్ని ఎదుర్కొనే సేనాని. యుద్ధం లేని రాత్రి అయితే తీర్పు ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. డ్యూక్ ఓదార్పు కూడా, నీ అల్లుడు నలుపుకంటె తెలుపే ఎక్కువైనవాడు అన్న ధోరణిలోనే సాగుతుంది. మెప్పుకోలులో సైతం తెలుపు గుణం, నలుపు లోపం.

ఓడిన తండ్రి వెళ్తూ వెళ్తూ అల్లుడికి ఒక హెచ్చరిక విసురుతాడు: తండ్రిని మోసగించింది, నిన్నూ మోసగించవచ్చు, కనిపెట్టుకుని ఉండు. నాటకానికి కీలకం ఈ మాట. మూడవ అంకంలో ఇయాగో ఒథెల్లో చెవిలో పోసే విషం చాలాభాగం ఇదే. తండ్రిని మోసం చేసి నిన్ను చేసుకుంది కదా అంటాడు. అవును, చేసుకుంది అని ఒథెల్లో ఒప్పుకుంటాడు. ఇయాగో కొత్తగా కనిపెట్టింది స్వల్పం. ఒక ఇంటి పెద్ద సభలో బాహాటంగా అన్నదాన్ని మరొక ఇంటికి మోసుకువచ్చాడు.

ఇక్కడ పాఠాన్ని నిదానంగా చదవాలి. ప్రకృతి తన దారి తప్పితే అన్న ఆలోచనను ముందుగా పలికేది ఇయాగో కాదు. ఒథెల్లోయే ఆ వాక్యం మొదలుపెడతాడు. ఇయాగో దాన్ని అందుకుని, తన దేశం, తన రంగు, తన అంతస్తు ఉన్న సంబంధాలెన్ని వచ్చినా కాదన్న పిల్ల మనసులో ఏదో చెడు ఉండాలి అని పూర్తిచేస్తాడు. ఈ మూడింటినీ ఊరు, కులం, ఆస్తి అని మార్చి చదివితే మన పెళ్ళిసంబంధాల పత్రిక తయారవుతుంది. డెస్డెమోనా నేరం కాసియోతో మొదలుకాలేదు. ఒథెల్లోను ఎంచుకోవడమే ఆమె చేసిన మొదటి నేరం. తనను ప్రేమించడమే ఆమె చెడుకు సాక్ష్యమని ఒథెల్లో నమ్మిన క్షణంలో బ్రబాన్షియో అల్లుడి శరీరంలో ప్రవేశించాడు. కొద్దిసేపటికే ఒథెల్లో, నేను నల్లవాణ్ణి కావడంవల్లనేమో అని తనలో తాను అనుకుంటాడు. వర్ణద్వేషానికి గురైనవాడు దాన్ని తన కళ్ళతోనే చూడడం నేర్చుకోవడమే ఈ విషాదం. హత్య దానికి ఫలితం.

చంపబోయేముందు ఒథెల్లో చెప్పుకునే కారణాన్ని చూడండి. ఆమె బతికితే మరికొందరు పురుషులను మోసగిస్తుందట. ఇది సొంత బాధ వెళ్ళబోసుకునే భాష కాదు, పురుషజాతి తరఫున శిక్ష అమలుచేసే ఉద్యోగి భాష. చివరకు తనను పరువుకోసం చంపినవానిగా చెప్పుకుంటాడు, ద్వేషంతో చేయలేదంటాడు. ఆనాటి ఇంగ్లండు చట్టం ఈ భాషకు దగ్గరగానే ఉంది. 1352 నాటి రాజద్రోహ శాసనం ప్రకారం భార్య భర్తను చంపితే అది చిన్నరకం రాజద్రోహం, శిక్ష సజీవదహనం. భర్త భార్యను చంపితే మామూలు హత్య. భర్త ఇంటికి రాజు అన్న భావన అక్కడ అలంకారం కాదు, శిక్షాస్మృతి.

మన శిక్షాస్మృతి కూడా ఈ విషయంలో గర్వించదగినది కాదు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 497వ సెక్షన్ వ్యభిచారాన్ని భర్తకు జరిగిన నష్టంగా చూసింది. ఫిర్యాదు చేసే హక్కు భర్తది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది 2018 సెప్టెంబరు 27న. దానికి పదమూడు రోజుల ముందు, సెప్టెంబరు 14న, నల్గొండ జిల్లా మిర్యాలగూడలో కూతుర్ని పెళ్ళాడిన దళిత యువకుణ్ణి, గర్భవతి అయిన ఆమె కళ్ళముందే, కిరాయి హంతకుడు నరికి చంపాడు. సుపారీ ఇచ్చినవాడు ఆమె తండ్రి. పత్రికలు దాన్ని ‘పరువు హత్య’ అన్నాయి. పరువు అన్న మాటను హత్యకు విశేషణంగా అంత సులువుగా వాడే భాషలో ‘ఒథెల్లో’ను అసూయ నాటకంగా బోధించడం నాకు ఎప్పటికీ కొరుకుడు పడదు.

4. వర్ణమనే రెండంచుల మాట

ఎలిజబెత్ రాణి కాలంలో లండన్‌కు నల్లవారు అపరిచితులు కారు. 1596లో, తిరిగి 1601లో వారిని దేశంనుంచి పంపించివేయాలన్న ఆజ్ఞలు తయారయ్యాయి. ఆ రెండింటి నడుమ, 1600లో, మొరాకో సుల్తాను రాయబారి నెలల తరబడి లండన్‌లో రాజమర్యాదలందుకున్నాడు. ఒకే సమాజం ఒకే రంగు మనిషిని అవసరం ఉంటే ఆహ్వానించింది, లేకుంటే గెంటింది. వెనిస్ సభ చేసింది ఇదే.

తెలుగు అనువాదకుని చేతిలో ‘వర్ణం’ అనే పదం ఉంది. అది రంగునూ కులాన్నీ కలిపి పట్టుకుంటుంది. ఇంగ్లీషు విమర్శ చాలా శ్రమపడి చెప్పే విషయాన్ని ఈ ఒక్కమాట చెబుతుంది. అయితే ఇందులో ప్రమాదం లేకపోలేదు. నీలమేఘశ్యాముణ్ణి కొలిచే మనకు నలుపు పట్ల ద్వేషం లేదని వాదించేవారు ఉన్నారు. వారు వధువు కావలెను ప్రకటనలు చదవరనుకోవాలి. దీనికి ఎదురుగా, ఒథెల్లోను నేరుగా దళితునిగా చదవడమూ తొందరపాటే. ఒథెల్లో సర్వసేనాని, తాను రాజవంశీయుణ్ణని చెప్పుకున్నవాడు. అతనికి అధికారం ఉంది, చోటు లేదు. మన సమాజంలో చోటు లేనివారికి అధికారం దక్కడమే అరుదు. పోలిక నిలిచేది ఒక్క బిందువు వద్ద: సమాజం అతని యోగ్యతను అంగీకరించిన తర్వాత కూడా రక్తసంబంధాన్ని నిరాకరించిన చోట.

5. సారంగధర: తారుమారైన బొమ్మ

తెలుగులో విషాదాంత నాటకమన్నది షేక్‌స్పియర్ నీడలోనే పుట్టింది. బళ్ళారిలో న్యాయవాదిగా ఉన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) అక్కడ 1886లో సరసవినోదినీ సభను నెలకొల్పారు. మంగళాంతాన్ని కోరే సంస్కృత నాటక సంప్రదాయాన్ని తోసిరాజని ‘విషాదసారంగధర’ రాశారు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దానికి చరిత్రలో స్థానముంది. ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవ అదే ఊళ్ళో షేక్‌స్పియర్ నాటకాలు ఆడేందుకు బృందాన్ని కూడగట్టారు. రాయలసీమ నాటకరంగానికి ఆంగ్ల విషాదం పరాయిది కాదనడానికి ఇది చాలు.

కథ మాత్రం పాతది. 15వ శతాబ్దంలో గౌరన ‘నవనాథచరిత్ర’లో ఉంది. 17వ శతాబ్దపు తొలినాళ్ళలో తంజావూరు రఘునాథనాయకుని ఆస్థానంలో చేమకూర వేంకటకవి ‘సారంగధరచరిత్ర’ రచించాడు. అంటే ఆ కావ్యమూ ‘ఒథెల్లో’ ఇంచుమించు ఒకే తరానివి. పావురం ఎగిరి సవతితల్లి చిత్రాంగి మేడ మీద వాలుతుంది, దానికోసం రాకుమారుడు లోపలికి వెళ్తాడు. ఆమె కోరుతుంది, అతడు నిరాకరిస్తాడు, ఆమె నేరం మోపుతుంది. రాజు విచారించకుండా కాళ్ళూచేతులూ నరకమంటాడు. సిద్ధుని కృపవల్ల అవయవాలు తిరిగి రావడం సంప్రదాయకథ ముగింపు.

చేతిరుమాలుకూ పావురానికీ పోలిక ఆసక్తికరమైనది. రుమాలు పోవడం నిజం, కొడుకు మేడకు వెళ్ళడమూ నిజమే. అల్పమైన నిజం ఒకటి దొరికితే దానిమీద ఎంత పెద్ద అబద్ధమైనా నిలబడుతుంది. రెండుచోట్లా తీర్పరి భర్తే, ఫిర్యాది కూడా భర్తే. నిందితుని పక్షం వినడమన్న ఆలోచన ఇద్దరికీ రాదు.

తేడా స్త్రీ స్థానంలో ఉంది. అక్కడ నిర్దోషి స్త్రీ, అబద్ధమాడినవాడు పురుషుడు. ఇక్కడ నిర్దోషి పురుషుడు, అబద్ధం స్త్రీది. నిజం చెప్పే డెస్డెమోనా మాటకు విలువ లేదు. చిత్రాంగి మాటకు విలువ వచ్చేది ఆమె అబద్ధమాడినప్పుడే, అదీ ఒక పురుషుణ్ణి మరొక పురుషునిపైకి ఉసికొల్పినప్పుడే. ఈ కథకున్న ఒక కథనంలో చిత్రాంగి మొదట కొడుక్కు అనుకున్న సంబంధం. తండ్రి ఆమెను తానే చేసుకుంటాడు. ఆ కథనాన్ని నమ్మితే ఆమెకు జరిగిన అన్యాయం ముందుంది, ఆమె చేసిన నేరం తర్వాత వస్తుంది. ఆ మొదటి అన్యాయానికి రాజుపై విచారణ ఏ సభలోనూ జరగదు. మన విమర్శ ధర్మవరంవారి సాహసాన్ని విషాదాంతంలో చూసి మెచ్చుకుంది, అది న్యాయమే. కానీ కన్నీరు ఎవరికోసం కార్పించారన్న ప్రశ్న వేసినవారు తక్కువ.

రంగస్థలం సంగతి కూడా ఒకటి చెప్పాలి. షేక్‌స్పియర్ కాలంలో డెస్డెమోనాను మగపిల్లవాడు ధరించాడు. ఇంగ్లండులో వృత్తినాటకశాలపై తొలి నటి 1660లో కనిపించింది, ఆ పాత్ర డెస్డెమోనాయే అని సాధారణంగా భావిస్తారు. మన వేదికమీద స్థానం నరసింహారావు వంటి మహానటులు చిత్రాంగిగా మెప్పించారు. స్త్రీపాత్రలు స్త్రీలే ధరించాలని పట్టుబట్టి కొమ్మూరి పద్మావతీదేవి వంటివారిని వేదిక ఎక్కించినది రాఘవ. కామోద్రిక్తురాలైన సవతితల్లి ఎలా ఉంటుందో తరాలపాటు పురుషులే ఊహించి, పురుషులే రాసి, పురుషులే ధరించి చూపించారు. ఆ చూపును స్త్రీస్వభావమని ప్రేక్షకులు ఇంటికి తీసుకెళ్ళారు.

6. ఎమీలియా నోరు

నాటకంలో పరువు భాషను తిరగబెట్టేది ఎమీలియా. నాలుగవ అంకం చివర, భార్యలు తప్పుచేస్తే అది భర్తల తప్పే, వారికీ చూపూ వాసనా రుచీ మగవారికున్నట్లే ఉన్నాయి అని డెస్డెమోనాతో అంటుంది. 1622లో వెలువడిన క్వార్టో ప్రతిలో ఈ ప్రసంగం లేదు, 1623 నాటి ఫోలియోలో ఉంది. తర్వాత చేర్చారా, ముందు తొలగించారా అన్నది పాఠపరిష్కర్తల వివాదం. ఏదైనా, ఆ మాటలు ఉండవచ్చు, తీసేయవచ్చు అన్న స్థితిలో ఉండడమే వాటి బలానికి గుర్తు.

అయితే ఎమీలియాను స్త్రీవాద ప్రతినిధిగా నిలబెట్టేవారు ఐదవ అంకాన్ని పూర్తిగా చదవాలి. హత్య బయటపడగానే ఆమె ఒథెల్లోను అతని నలుపు పేరుతోనే తిడుతుంది. డెస్డెమోనా దేవత అయితే అతడు మరింత నల్లని దయ్యమంటుంది. భర్తల అధికారాన్ని ప్రశ్నించిన నోరే వర్ణద్వేషాన్ని ప్రశ్నించలేకపోయింది. ఒక పీడనను గుర్తించినవారు రెండవదాన్ని గుర్తించకపోవడం మన ఉద్యమాలకూ తెలిసిన అనుభవమే. దళిత స్త్రీవాదులు తెలుగులో లేవనెత్తిన ప్రశ్న సరిగ్గా ఇక్కడిది. ఆ లోపంతోనే, భర్త కత్తికి ఎదురునిలిచి, నోరుమూయమన్నా మూయక, ఎమీలియా ప్రాణం విడుస్తుంది.

డెస్డెమోనా ఇందుకు భిన్నం. ఎవరు చేశారని అడిగితే ఎవరూ కాదు, నేనే అని భర్తను కాపాడుతూ కన్నుమూస్తుంది. తెలుగు పాఠకుడు దీన్ని పాతివ్రత్యంగా సులువుగా స్వీకరిస్తాడు. మొదటి అంకంలో సభనెదిరించిన గొంతు ఐదవ అంకంలో ఇలా ఎందుకు మారిందని అడగడు. మిర్యాలగూడలో భర్తను పోగొట్టుకున్న యువతి నోరుమూయలేదు. తండ్రి పేరు బాహాటంగా చెప్పింది. ఆ తండ్రి 2020లో మరణించాడు. 2025 మార్చిలో నల్గొండ న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. డెస్డెమోనా మౌనాన్ని ఆదర్శమని బోధించే అధ్యాపకుడు ఆ యువతి వయసు విద్యార్థినుల ముందు నిలబడి ఉన్నానని గుర్తుంచుకోవాలి.

7. ‘ఇండియన్’ పాఠం

చివరగా అనువాదకుని బల్లమీద ఉండిపోయే ఒక చిక్కు. చనిపోయేముందు ఒథెల్లో తనను, తన తెగ సంపదనంతటినీ మించిన ముత్యాన్ని విలువ తెలియక పారేసుకున్న ఒక నీచునితో పోల్చుకుంటాడు. ఆ నీచుడు ఎవరన్నదగ్గర రెండు ప్రతులు విడిపోయాయి. 1622 క్వార్టోలో అతడు ‘ఇండియన్’, 1623 ఫోలియోలో ‘జూడియన్’, అంటే యూదయవాసి. ఇండియన్ అనే పాఠమే అసలుదైతే, ఆ మాట అమెరికా ఆదిమవాసినీ సూచించవచ్చు, మన దేశస్థుణ్ణీ సూచించవచ్చు. విలువైనది చేతిలో ఉన్నా దాని వెల ఎరగని తూర్పువాడన్న ఊహ ఆనాటి వర్తకులకు ఇష్టమైనదే. ఆ ఊహతోనే వారు దుగరాజపట్నంలో అద్దకపు బట్టల బేరాలకు కూర్చున్నారు.

అనువాదకునికి రెండు దారులున్నాయి. ‘యూదయవాసి’ అని రాస్తే తెలుగు పాఠకుడు కలతపడకుండా పుస్తకం మూస్తాడు. ‘భారతీయుడు’ అని రాస్తే, తనను తాను చంపుకుంటున్న మూర్ ఆఖరి క్షణంలో తనకంటె హీనుడెవరని వెదికి, వేలెత్తి చూపింది ఈ సరస్సు ఒడ్డునున్న జెంటూను కూడా కావచ్చునన్న సంగతి అతని కంటబడుతుంది. నేనైతే రెండవదే రాస్తాను.